ఒకే మూలం, పలు రూపాలు: సాఫ్ట్‌వేర్ మాన్యువల్ చరిత్రలో మరుగున పడ్డ దశకం

సాఫ్ట్‌వేర్ మాన్యువళ్ల చరిత్రను మామూలుగా ఇలా చెబుతుంటారు. మొదట్లో అన్నీ అచ్చు పుస్తకాలే. తరువాత వెబ్ వచ్చింది. దాంతో ఒకే సోర్స్ ఫైల్ నుంచి పుస్తకమూ వెబ్ పేజీలూ రెండూ తీయాల్సి వచ్చింది. ఆ అవసరం కోసం ఎస్‌జీఎంఎల్, ఎక్స్‌ఎంఎల్ వచ్చాయి. వాటిలో రాయడం కష్టమనిపించి మార్క్‌డౌన్ లాంటి తేలిక పద్ధతులు నిలదొక్కుకున్నాయి. కథ నున్నగా ఉంది గానీ తేదీలు దీనికి ఒప్పుకోవు. వెబ్ పుట్టేనాటికే ఒక మూలం నుంచి రెండు రూపాలు తీయడం కొన్ని చోట్ల నిత్యకృత్యం. పైగా ఆ పని ఎందుకు కుదిరిందో ఈ కథ చెప్పదు.

తొలి అంకం అందరికీ తెలిసిందే. 1964లో ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ రాసిన, పాఠాన్ని పేజీలుగా అమర్చే ప్రోగ్రాం రనాఫ్, దాని నుంచి బెల్ ల్యాబ్స్‌లో రాఫ్, 1971 నవంబరులో యూనిక్స్ మొదటి మాన్యువల్. జో ఒసానా టెర్మినల్ కోసం ఎన్‌రాఫ్, ఫొటోటైప్‌సెట్టర్ కోసం ట్రాఫ్ రాశాడు. ఒకే ఫైల్ రెంటికీ పనికొచ్చేది. తేడా రావాల్సిన చోట 'ఎన్‌రాఫ్ అయితే ఇది, ట్రాఫ్ అయితే అది' అని షరతు పెట్టేవారు. అంటే 1970లలోనే రెండు రూపాలున్నాయి. కాకపోతే రెండూ పేజీలే, రెండింటిలోనూ వరుస ఒకటే. అక్షరాల నాణ్యతలోనే తేడా. 1980లో కార్నెగీ మెలన్‌లో బ్రయాన్ రీడ్ తన పరిశోధన గ్రంథంలో వివరించిన స్క్రైబ్ ఇంకో అడుగు వేసింది. ఇది అధ్యాయం, ఇది ఉల్లేఖన అని చెప్పడం వరకే రచయిత పని, అది ఎలా కనిపించాలన్నది వేరేచోట నిర్ణయమవుతుంది.

అసలు మలుపు ఆ తరువాతిది, చరిత్రకారులు ఒక్క వాక్యంతో దాటేసేదీ ఇదే. 1984 నాటికి ఎంఐటీలో టెక్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రాం ఆధారంగా నడిచే బోటెక్ ఉండేది, దానితో అచ్చు పుస్తకాలు మాత్రమే తీయగలిగేవారు. తెర మీద చదవడానికి రిచర్డ్ స్టాల్మన్ ఇన్ఫో అనే రూపాన్ని తయారుచేశాడు. ఆ రెంటినీ కలిపితే వచ్చింది టెక్సిన్ఫో. స్క్రైబ్ నుంచి యాట్ గుర్తుతో మొదలయ్యే ఆదేశాల తీరు కూడా దీనికి సంక్రమించింది.

ఇన్ఫోలో పేజీలు లేవు. ఉన్నవన్నీ చిన్న చిన్న నోడ్‌లు. చదివేవాడు మెనూ పట్టుకుని ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తాడు. పేజీ నంబర్లూ వాలు అక్షరాలూ అచ్చు పుస్తకంలోనే ఉంటాయి. కనుక 'ఇక్కడ వాలు అక్షరాలు వెయ్యి' అనో '45వ పేజీ చూడు' అనో రాసే వీలు రచయితకు లేకపోయింది. రాస్తే రెండో రూపంలో అది అబద్ధమవుతుంది. ట్రాఫ్ రచయితకు ఈ ఇబ్బంది ఎదురవలేదు.

ఒక్క ఉదాహరణ చూద్దాం. ఏదో కమాండ్‌ను వివరిస్తూ, వాడేవాడు తన ఫైల్ పేరు పెట్టుకోవాల్సిన చోట రచయిత యాట్ గుర్తు వేసి 'వార్' అని రాస్తాడు, ఫ్లవర్ బ్రాకెట్లలో 'ఫైల్' అని ఇంగ్లిష్‌లో పెడతాడు. అచ్చులో ఆ మాట వాలుగా పడుతుంది. ఇన్ఫోలో మొత్తం క్యాపిటల్ అక్షరాల్లోకి మారుతుంది. మరో చోటికి పంపాల్సి వస్తే 'ఎక్స్‌రెఫ్' అని నోడ్ పేరు ఇస్తాడు. అచ్చులో దానికి సెక్షన్ నంబరు, పేజీ నంబరు వచ్చి చేరతాయి, ఇన్ఫోలో అది లింకు అవుతుంది. పదసూచికలకూ ఇదే పద్ధతి. భావాలకు ఒకటి, ఫంక్షన్లకు ఒకటి, వేరియబుళ్లకు ఒకటి, కీలకు ఒకటి. అచ్చులో అవి పుస్తకం చివరి పేజీలు. తెర మీద ఒక్క కీ నొక్కితే వెతికిపెట్టే సాధనం.

ఒకదానితో ఒకటి పొసగని రెండు రూపాలు ఒకేసారి కావలసి రావడం వల్లే రచయితలు కనిపించే తీరును వదిలి అర్థాన్ని గుర్తించడం నేర్చుకున్నారని నా వాదన. సిద్ధాంతం స్క్రైబ్‌లో ఉంది, ఎస్‌జీఎంఎల్‌లోనూ ఉంది. నిర్బంధం మాత్రం టెక్సిన్ఫోలో వచ్చింది.

దీనికి రుజువు 1990లలో దొరికింది. హెచ్‌టీఎంఎల్ అన్న మాటే లేని రోజుల్లో మొదలైన ఈమాక్స్ మాన్యువల్ లాంటివి, పెద్దగా తిరగరాయకుండానే వెబ్‌కెక్కాయి. పూర్తిగా సాఫీగా ఎక్కాయని కూడా అనను. కొందరు రచయితలు 'ఇన్ఫో అయితే' అని షరతు పెట్టి రాసిన ముక్కలున్నాయి. వాళ్ల ఉద్దేశం 'అచ్చు కాకపోతే' అని. హెచ్‌టీఎంఎల్ అనే మూడో రూపం రాగానే అవి తప్పాయి, 'టెక్ కాకపోతే' అనే కొత్త షరతు చేర్చాల్సి వచ్చింది. రూపాన్ని పేరు పెట్టి పిలిచిన చోటే అతుకులు పడ్డాయి. మెనూలు చేత్తో రాసుకోవడమూ చాలాకాలం భారంగానే ఉంది. ఒక్కో కమాండుకు ఒకే పేజీగా ఉండే మాన్ పేజీలకు అలవాటుపడ్డ యూనిక్స్ జనం ఇన్ఫోను విసుక్కోవడంలోనూ న్యాయముంది.

1991లో ఎస్‌జీఎంఎల్ ఆధారంగా వచ్చిన డాక్‌బుక్ అర్థాన్ని గుర్తించడాన్ని చివరిదాకా తీసుకెళ్లింది. వందల కొద్దీ ట్యాగులతో మాట కన్నా ట్యాగు పెద్దదైంది. లినక్స్ కెర్నల్ 2016లో దాన్ని వదిలి స్ఫింక్స్‌కు మారడం మొదలుపెట్టింది. స్ఫింక్స్ పుట్టింది పైథాన్ మాన్యువళ్ల కోసం. 2007లో గియోర్గ్ బ్రాండ్ల్ వాటిని లేటెక్ నుంచి రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే తేలిక పద్ధతిలోకి మార్చాడు, 2008లో స్ఫింక్స్ బయటికొచ్చింది. దీన్ని తేలిక పద్ధతి గెలుపుగా చెప్పుకుంటారు. దగ్గర నుంచి చూస్తే క్లాస్, ఫైల్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ లాంటి గుర్తులన్నీ పాత లేటెక్ మాక్రోల నుంచే స్ఫింక్స్‌లోకి వచ్చాయి. తేలికైంది పైపొర. మోసే ఎముకలు పాతవే.

నేటి పరిస్థితి నాకు తృప్తినివ్వడం లేదు. స్ఫింక్స్‌లో సాధనాలన్నీ ఉన్నాయి: హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్, ఈపబ్, మాన్ పేజీ, చివరికి టెక్సిన్ఫో కూడా తీసిస్తుంది. వాడేవాళ్లలో చాలామంది చూసుకునేది వెబ్ రూపం ఒక్కటే. ఫైల్ పేరుకూ కమాండ్‌కూ వాడేవాడు నింపాల్సిన ఖాళీకీ ఒకే బ్యాక్‌టిక్‌లు తగిలిస్తున్నారు. సెర్చ్ ఉందిగా అని పదసూచికను వదిలేశారు. సెర్చ్ పాఠంలో వాడిన మాటనే వెతుకుతుంది, పదసూచిక వాడని మాట నుంచి కూడా సరైన చోటికి తీసుకెళ్తుంది. 2022 నవంబరులో జీసీసీ కంపైలర్ ప్రాజెక్టు తన మాన్యువళ్లను టెక్సిన్ఫో నుంచి స్ఫింక్స్‌కు మార్చి, వారం తిరక్కముందే వెనక్కి తీసుకుంది. పాతదాని మీద మమకారం అనుకోవడం పొరపాటు. స్ఫింక్స్ అప్పటికి ఇవ్వగలిగిన దానితో తేలికగా తీరని చిక్కులు పైకొచ్చాయి.

తెలుగు విషయానికి వస్తే ఈ లెక్క ఇంకా సూటిగా తగులుతుంది. మన లిపిలో క్యాపిటల్ అక్షరాలు లేవు. ఇన్ఫోలో 'వార్' గుర్తు మన మాట మీద ఏ ప్రభావమూ చూపదు. అయినా మూలంలో గుర్తు ఉంటే, దాన్ని తెలుగులో ఇంకోలా చూపించే దారి ఉంటుంది. స్ఫింక్స్ అనువాదకుడికి వాక్యాలను పీఓ ఫైళ్లలో అందిస్తుంది. అందులో ఖాళీకి 'ఖాళీ' అన్న గుర్తు ఉంటే అనువాదకుడు 'మీ_ఫైల్_పేరు' అని నిశ్చింతగా తెలుగు చేస్తాడు. ఉత్త బ్యాక్‌టిక్‌లే ఉంటే అది తెలుగు చేయాల్సిన ఖాళీయో, ముట్టుకోకూడని కమాండో తెలియక సోర్స్ కోడ్ తెరిచి చూడాల్సిందే.