వ్యక్తి సత్యాగ్రహం: యుద్ధ వ్యతిరేకతలోని రెండు స్వరాలు

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో, భారతదేశం జర్మనీతో యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. కేంద్ర శాసనసభనుగాని, ఎనిమిది రాష్ట్రాలలో అధికారంలో ఉన్న కాంగ్రెసు మంత్రివర్గాలనుగాని ఆయన సంప్రదించలేదు.

కాంగ్రెసుకు ఫాసిజం పట్ల మెతకదనం ఏనాడూ లేదు. జపాను దాడికి గురైన చైనాకు 1938లోనే ఐదుగురు వైద్యుల బృందాన్ని పంపింది. వారిలో డాక్టర్ కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. అంతర్యుద్ధంలో ఉన్న స్పెయిన్‌కు నెహ్రూ 1938లోనే వెళ్ళి రిపబ్లికుకు సంఘీభావం తెలిపారు. అయితే బ్రిటన్ సామ్రాజ్య ప్రయోజనాలకై చేసే యుద్ధంలో భారతీయులు పాల్గొనరాదన్నది 1927 మద్రాసు మహాసభ నాటి తీర్మానం. ఈ రెండు వైఖరుల నుండి పుట్టినదే 1939 సెప్టెంబరు 14న వార్ధాలో కార్యవర్గం వేసిన ప్రశ్న: ఈ యుద్ధం ప్రజాస్వామ్య రక్షణకే అయితే, ఆ ప్రజాస్వామ్యం భారతదేశానికి వర్తిస్తుందా, లేదా? అక్టోబరు 17న వైస్రాయి ఇచ్చిన సమాధానంలో యుద్ధానంతర సంప్రదింపుల హామీకి మించి చెప్పుకోదగినదేమీ లేదు. మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీతోపాటు రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం కూడా పదవి విడిచారు. తరువాత సత్యాగ్రహిగా జైలుకు వెళ్ళారు.

యుద్ధ వ్యతిరేకత అనే ఒక్క మాటలో ఆనాడు రెండు భావాలు ఇమిడి ఉండేవి. గాంధీజీ దృష్టిలో ఎవరు చేసినా యుద్ధం హింసయే. కాంగ్రెసు నాయకులలో అధికసంఖ్యాకులకు మాత్రం అభ్యంతరం పరాధీనులుగా యుద్ధం చేయవలసి రావడం పట్ల. ఫ్రాన్సు పతనానంతరం 1940 జూలైలో ఈ భేదం బయటపడింది. జాతీయ ప్రభుత్వాన్ని ఏర్పరచితే దేశరక్షణకు పూర్తిగా తోడ్పడగలమని ఢిల్లీలో కార్యవర్గం తీర్మానించింది. పూనాలో అఖిల భారత కాంగ్రెసు సంఘం దానిని ఆమోదించింది. దీనికి ప్రధాన ప్రేరకులు రాజాజీ. గాంధీజీ పక్కకు తొలగారు. ఆగస్టు 8 నాటి ప్రకటనలో బ్రిటన్ ఈ కోరికను మన్నించి ఉంటే, మనమిప్పుడు యుద్ధ వ్యతిరేకోద్యమమని చెప్పుకొనేది అసలు జరిగేదే కాదేమో! అట్లా జరగలేదు. సెప్టెంబరులో బొంబాయిలో కాంగ్రెసు మరల ఆయన నాయకత్వాన్నే కోరింది.

అప్పుడు సిమ్లాలో గాంధీజీ వైస్రాయిని అడిగినది యుద్ధానికి వ్యతిరేకంగా శాంతియుతంగా మాట్లాడే స్వేచ్ఛ. అదీ లభించలేదు. ప్రభుత్వాన్ని ఆపత్కాలంలో ఇరకాటంలో పెట్టరాదని ఆయన సామూహికోద్యమానికి పూనుకోలేదు. తాను ఎంపిక చేసినవారే ఒక్కొక్కరుగా, స్థలమూ సమయమూ అధికారులకు ముందుగా తెలిపి, శాసనోల్లంఘనం చేయాలన్నారు. అక్టోబరు 17న పవనార్‌లో వినోబా భావే ప్రారంభించారు, 21న అరెస్టయ్యారు. రెండవవారైన నెహ్రూను వంతు రాకమునుపే 31న నిర్బంధించి, నాలుగేళ్ళ కఠిన శిక్ష విధించారు. వినోబా సత్యాగ్రహ వార్తలపై ఆంక్షలు రావడంతో గాంధీజీ 'హరిజన్' పత్రికనే నిలిపివేశారు.

సత్యాగ్రహుల నినాదాన్ని గమనించాలి. బ్రిటిషు యుద్ధ ప్రయత్నానికి ధనసహాయంగాని, జనసహాయంగాని చేయడం తప్పు అన్నది మొదటి భాగం. యుద్ధాలన్నింటినీ అహింసతో ప్రతిఘటించడమే తగిన కార్యమన్నది రెండవది. మొదటిది అందరిదీ. రెండవదానిని మనసారా నమ్మినవారు కొద్దిమందే. అయినా 20,000 మందికి పైగా ఆ రెండింటినీ ఉచ్చరించి జైళ్ళకు వెళ్ళారు.

ఉద్యమం సైన్య సమీకరణను ఆపగలిగిందనడం సరికాదు. యుద్ధాంతానికి భారత సైన్యం 25 లక్షలకు చేరింది. వార్ధా ప్రశ్నకు మాత్రం నిర్ద్వంద్వమైన జవాబు రాబట్టినవాడు చర్చిల్ స్వయంగా. ప్రజలందరికీ తమ ప్రభుత్వాన్ని తాము ఎన్నుకొనే హక్కు ఉన్నదన్న అట్లాంటిక్ ప్రకటన 1941 ఆగస్టు 14న వెలువడగా, అది ప్రధానంగా నాజీల ఆక్రమణలోని ఐరోపా దేశాలను ఉద్దేశించినదని సెప్టెంబరు 9న ఆయన పార్లమెంటులో వివరించాడు.

1941 డిసెంబరు మొదటి వారంలో సత్యాగ్రహులను విడుదల చేశారు. కొద్ది రోజులకే జపాను యుద్ధంలోకి దిగింది. ఆ నెలాఖరున బార్డోలీలో కార్యవర్గం, స్వాతంత్ర్యం లభించే పక్షంలో సాయుధ రక్షణకైనా సిద్ధమేనన్న ధోరణికి తిరిగి రాగా, గాంధీజీ తనను నాయకత్వ బాధ్యత నుండి తప్పించవలసిందిగా కోరారు.