భిలాయి: కాలువ నీట నిలిచిన ఉక్కునగరం

కాలువల నగరం అనగానే తెలుగువారికి బెజవాడ స్ఫురిస్తుంది. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తయిన పిదప ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఆ నగరం మీదుగా సాగి డెల్టాను సస్యశ్యామలం చేశాయి. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిని ఎవరూ ఆ కోవలో చేర్చరు. దాని పేరు వినగానే కొలిమి, పొగగొట్టం, రైలుపట్టా గుర్తుకు వస్తాయి. అయితే ఒక్కరోజు తీరికగా ఈ నగరాన్ని దర్శించే యాత్రికునికి, ఉక్కు చరిత్రకు అడుగున నీటి చరిత్ర ఒకటి గోచరిస్తుంది.

ఈ సందర్శన దేవబలోద శివాలయంతో ఆరంభం కావడం సముచితం. కలచురి రాజుల కాలం నాటి ఆ శిలాలయం పక్కనే ఒక కోనేరు ఉంది. నాటి ఛత్తీస్‌గఢ్ జీవనమంతా కోనేళ్ల చుట్టూ, చెరువుల చుట్టూ అల్లుకున్నదే. వాన కురిస్తే చెరువు నిండేది; చెరువు నిండితే వరి పండేది. 1896–97, 1899–1900 నాటి ఘోర క్షామాలు ఈ ఏర్పాటు చాలదని నిరూపించాయి. 1901లో నీటిపారుదల కమిషన్ నియామకం జరిగింది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో బాలోద్ సమీపాన తాండుల నదిపై జలాశయం, దుర్గ్ ప్రాంతపు పొలాలకు కాలువ రూపొందాయి.

అన్నం కోసం తవ్విన ఆ కాలువే, అర్ధశతాబ్ది గడవకముందే పరిశ్రమను ఆహ్వానించింది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఉక్కు కర్మాగారానికి ఒప్పందం కుదిరింది. దల్లీ రాజ్‌హరా ఇనుప ఖనిజం, నందినీ సున్నపురాయి, బొంబాయి–హౌరా రైలుమార్గంతో పాటు తాండుల నీరు కూడా భిలాయికి అనుకూలించాయి. గనుల నుంచి వచ్చే రైలుమార్గం బాలోద్ మీదుగానే సాగుతుంది. ఖనిజమూ నీరూ ఒకే దిక్కు నుంచి నగరాన్ని చేరుతాయన్నమాట. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. తొలి దశలో కర్మాగార సామర్థ్యం ఏటా 10 లక్షల టన్నులు. ఖనిజం కరగడానికి నిప్పు ఎంత అవసరమో, కొలిమి గోడలు కరగకుండా నిలవడానికి చల్లని నీరు అంతే అవసరం.

కర్మాగారపు నీటి నిల్వకు ఆధారం మరోదా జలాశయం. భారత–సోవియట్ స్నేహానికి చిహ్నమైన మైత్రీబాగ్‌లో పిల్లలు సాయంవేళ పడవ షికారు చేస్తారు. సెక్టార్లుగా తీర్చిన ఊరిలో దేశం నలుమూలల భాషలూ వినిపిస్తాయి. ఉద్యోగార్థులై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఐదో సెక్టారులోని బాలాజీ ఆలయం కూడలి.

కర్మాగారం విస్తరించిన కొద్దీ తాండుల ఒక్కటే సరిపోలేదు. 1970వ దశకంలో మహానదిపై నిర్మించిన రవిశంకర్ సాగర్ జలాలు కూడా భిలాయికి ఆసరా అయ్యాయి. అయినా వానలు వెనుకబడిన ఏడు పాత ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది: జలాశయంలో మిగిలిన నీరు పొలానికా, కొలిమికా, ఇంటి కుళాయికా? కాలువను తవ్వించింది రైతు ఆకలి. దానికి దేశవ్యాప్త ప్రాముఖ్యం తెచ్చింది కార్మికుని శ్రమ. ఇద్దరిలో ఎవరి హక్కునూ కాదనలేము. భిలాయి నిర్మాణగాథను ఉక్కు లెక్కలతో మాత్రమే చెబితే, తమ కాలువను పంచుకున్న దుర్గ్ రైతుల భాగస్వామ్యం చరిత్రలో మరుగున పడుతుంది.