అనుభవము భ్రమయగునా?



“సర్వము మాయయే యైనచో నా దుఃఖమును మాయయేనా?” అను ప్రశ్న ప్రవచనానంతరము తరచుగ వినబడును. ఈ ప్రశ్నకు తెలుగునేలపై పాత చరిత్ర కలదు.

మన రామంతాపూరు, ఉప్పలు, నాచారము భక్తులలో పెక్కుమంది నాగార్జునసాగరము చూచియుందురు. ఆ నీటి క్రింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కలదు. క్రీ.శ. 3వ శతాబ్దమున శాంతమూల మహారాజు అశ్వమేధము చేసెను. ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధ మహాచైత్యమునకు దానములొసగెను. యజ్ఞమును చైత్యమును ఒకే యింట! జలాశయమున మునుగకముందు 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిపి, దొరకిన శిల్పములను కొండపైకి చేర్చిరి.

ఆ కొండకు పేరైన ఆచార్య నాగార్జునుడు సుమారు 2వ శతాబ్దమువాడు. శ్రీపర్వతమున వసించెనని సంప్రదాయము. ఏ వస్తువును ఇతరాపేక్ష లేక తనంత తాను నిలువదని ఆయన మతము. దానిని “ఏమియు లేదు” అను వాదముగ మనవారు కొందరు పరిహసింతురు. అది న్యాయము కాదు. అనంతరము విజ్ఞానవాదులు బాహ్యవస్తువే లేదనిరి. క్షణక్షణము పుట్టి నశించు విజ్ఞానమే స్వప్నమునందువలె ఘటపటాదులుగ తోచుచున్నదనిరి.

శంకర భగవత్పాదులు సూత్రభాష్యమున శూన్యవాదమును ఒకటి రెండు మాటలతో విడిచి, విజ్ఞానవాదమును మాత్రము అభావాధికరణమున విస్తరించి విమర్శించిరి. అద్వైతమునకు అది మిక్కిలి చేరువగ కనబడుటయే కారణమని నా యభిప్రాయము. స్తంభమును చూచువాడు స్తంభమునే చూచును గాని తన జ్ఞానమును కాదు. బయట నున్నట్లు తోచునందురా? బయట యనునదే లేనిచో ఆ పోలిక యెక్కడిది? కల మెలకువతో బాధితమగును. మెలకువలో చూచినది అట్లు బాధితము కాదు. మరియు క్షణములో నశించు జ్ఞానము తన రాకపోకలను తానెరుగజాలదు. ఎరుగుటకు సాక్షి కావలెను.

త్రాటియందు పాము లేదు. పాము కనబడుట మాత్రము జరిగినది. గుండె దడయు నిజమే. కావున పుత్రశోకముననున్న తల్లితో “నీ యేడ్పు మాయ” అనువాడు శంకరుల పేరు చెప్పుకొనరాదు. ఆత్మజ్ఞానము కలుగువరకు వ్యవహారము సత్యమేయని భాష్యము. ఆమెకు ముందు కావలసినది ప్రక్కన కూర్చుండు మనిషి.

ఈ వాదము నేడు పశ్చిమమునను నడచుచున్నది. అమెరికా దార్శనికుడు డానియల్ డెన్నెట్ 1991లో ఒక గ్రంథమున, అనుభవములన్నియు ఒకచోట ప్రదర్శింపబడు రంగస్థలము మెదడులో లేదనెను. 2016లో కీత్ ఫ్రాంకిష్ అను తాత్త్వికుడు అనుభవమునకు మనము ఆరోపించు ప్రత్యేక గుణమే భ్రమయని వాదించి, ఆ మతమునకు భ్రమవాదమను పేరును స్థిరపరచెను. వారు నొప్పియే లేదనలేదు. లోచూపు నొప్పిని మరియొకటిగ చూపుచున్నదనిరి. భ్రమ యెవనికి అని అద్వైతి అడుగును. మెదడునకేయని వారి బదులు. జడమునకు తోచుట యననేమని అద్వైతి మరల అడుగును.