కె.సి. కెనాల్: ఒక పిచ్ కథ

1850ల చివర్లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని ఒకటి పుట్టింది. అప్పటికి దానికి ఒక్క గజం కాలువ లేదు, ఒక్క ఎకరా ఆయకట్టు లేదు, నీటితీరువా కట్టే రైతు ఒక్కడూ లేడు. ఉన్నదల్లా ఒక కథ. ఆ కథ మీద పదిలక్షల పౌండ్ల మూలధనం పోగైంది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వింది ఆ డబ్బుతోనే. మనం కె.సి. కెనాల్ అంటున్నది దాన్నే.

నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. కంపెనీ పెట్టే స్నేహితులు తమ పిచ్ డెక్‌లు నాకు పంపిస్తుంటారు, ఒకసారి చూసి పెట్టమని. మదుపరుల్ని ఒప్పించేలా కథ ఎలా చెప్పాలో నేర్పే పుస్తకాలకీ వీడియోలకీ కొదవలేదు. వాటిలో ఉదాహరణలన్నీ కాలిఫోర్నియావే. మన సీమలో 160 ఏళ్ళ కిందటే ఒక పిచ్ గెలిచింది, దాని ఫలితం మొత్తం కళ్ళముందుంది, లెక్కలతో సహా. దాని గురించి మాట్లాడుకోవడం మేలనిపించింది నాకు.

ఆ కథ కర్త సర్ ఆర్థర్ కాటన్. కోస్తావాళ్ళకి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు, ఊరూరా విగ్రహాలున్నాయి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. కరువులతో చితికిపోయిన గోదావరి జిల్లా కొన్నేళ్ళలోనే అన్నపూర్ణ అయింది. ప్రభుత్వానికి శిస్తు పెరిగింది, రైతుకు పంట పెరిగింది, కాలువల్లో పడవలు తిరిగాయి. 1855కల్లా బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కూడా తయారైంది.

ఇప్పటి భాషలో చెప్పాలంటే కాటన్ చేతిలో మంచి పైలట్ ఉంది. ఆ పైలట్‌ని ఆయన కథగా మలిచిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. డెక్‌లో ఉండాల్సినవన్నీ ఉన్నాయి. సమస్య ఏమిటి? కరువు. పరిష్కారం? నీళ్ళు. పనిచేస్తుందని రుజువు? గోదావరి. ఎంత పెద్ద మార్కెట్? దక్కన్ పీఠభూమి మొత్తం. ఇప్పుడే ఎందుకు? ఎందుకంటే మాంచెస్టర్ మిల్లులు అమెరికా పత్తి మీదే ఆధారపడి బెంగపడుతున్నాయి. వేరే దేశాల నుంచి పత్తి తెప్పించడానికి 1857లో అక్కడివాళ్ళు ఏకంగా ఒక సంఘమే పెట్టుకున్నారు. కర్నూలు, కడపల్లో నల్లరేగడి ఉంది, దాంట్లో పత్తి పండుతుంది. కాలువ తవ్వితే పొలానికి నీళ్ళూ వస్తాయి, పత్తి బేళ్ళు మోసే పడవలకు దారీ దొరుకుతుంది. రైళ్ళకన్నా కాలువలే ఈ దేశానికి చవకైన రవాణా అని కాటన్ ఎప్పటినుంచో వాదిస్తున్నాడు.

ఆ కథలో అబద్ధం లేదు. తుంగభద్ర పుట్టేది పడమటి కనుమల్లో. కర్నూల్లో చినుకు రాలని ఏడాది కూడా అక్కడ వాన పడితే నది పారుతుంది. కరువు సీమకు ఆ నీళ్ళు మళ్ళించాలన్న ఆలోచన ఇప్పటికీ సరైనదే. కాటన్ మోసగాడు కాడు, తను చెప్పింది మనసా నమ్మినవాడు. నమ్మినవాడు చెప్పే కథకు బలం ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే.

*

1863లో మొదలైన నిర్మాణం 1870 దాకా సాగింది. ఇబ్బందులు నేలలోనే ఉన్నాయి. డెల్టా అంటే నది తనే తెచ్చి పరిచిన చదునైన ఒండ్రు. ఆనకట్ట కట్టి గట్టు తెగ్గొడితే నీళ్ళు వాటంతటవే పల్లానికి పోతాయి. సీమ అలా కాదు. కర్నూలు దగ్గర హంద్రి నదిని దాటించడానికి కాలువను వంతెన మీదుగా తీసుకుపోవాలి. మిట్టకందాల దగ్గర కృష్ణా, పెన్నా పరీవాహకాల మధ్య ఉన్న మిట్టను కోసి నీటిని అవతలికి దింపాలి. అక్కణ్ణుంచి కుందూ లోయలో రాజోలి ఆనకట్ట, పెన్న మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట, ఆ తర్వాత కడప. పైగా ఇది సాగునీటి కాలువ ఒక్కటే కాదు, పడవలు నడవాలి కనుక వెడల్పు, లోతు, లాకులు కూడా కావాలి. ఒకే కట్టడంతో రెండు ప్రోడక్టులు. పదిలక్షల పౌండ్లూ అయిపోయాయి, కాలువ మాత్రం పూర్తి కాలేదు. ప్రభుత్వం అప్పిచ్చి పని నడిపించాల్సి వచ్చింది. ఈలోగా మద్రాసు రైలు కడప వైపు వచ్చేసింది, పడవల మీద పెట్టుకున్న లెక్క అక్కడే సగం మునిగింది.

ఖర్చు పెరగడం మామూలే, ప్రతి ప్రాజెక్టులోనూ జరుగుతుంది. అసలు దెబ్బ కాలువ పూర్తయ్యాక తగిలింది. నీళ్ళు వచ్చాయి, కొనేవాళ్ళు రాలేదు.

ఎందుకు రాలేదో అర్థం కావాలంటే సీమ మాటలోనే ఉన్న ఒక తేడా చూడాలి. మెట్ట పొలాన్ని చేను అంటాం, నీళ్ళు పెట్టి వరి వేసేదాన్ని మడి అంటాం. చేను మడి కావాలంటే కాలువ పక్కనే ఉంటే సరిపోదు. నేల చదును చెయ్యాలి, గట్లు వెయ్యాలి, పిల్లకాలువలు తవ్వుకోవాలి. ఎద్దులు ఎక్కువ కావాలి, ఎరువు ఎక్కువ కావాలి, కూలీలు ఎక్కువ కావాలి. ఇవన్నీ రైతు తన చేతి నుంచి పెట్టుకోవాల్సిన పెట్టుబడులే. ఆ తర్వాత నీటితీరువా.

రెండో పక్క చూడండి. నల్లరేగడి తేమను పట్టి ఉంచే నేల. రెండు మూడు మంచి వానలు పడితే గొర్రుతో విత్తిన జొన్న, కొర్ర, పత్తి అదే తేమతో బతుకుతాయి. నీళ్ళు ఎక్కువైతే రేగడి బురదై కూర్చుంటుంది, అదుపు తప్పితే చవుడు తేలుతుంది. అంటే ఓ మోస్తరు వాన పడిన ఏడాది సీమ రైతుకు కాలువతో పనే లేదు. ఆ కాలువకు పోటీగా నిలిచింది వాన, దాని ధర సున్నా. లండన్‌లో తయారైన ఏ లెక్కలోనూ ఈ పోటీదారుకు చోటు లేదు.

గోదావరి రైతు అప్పటికే వరి పండించేవాడు. ఆయనకు కాటన్ ఇచ్చింది తను ఎప్పటినుంచో చేస్తున్న పనికి నమ్మకమైన నీరు. కర్నూలు రైతును అడిగింది పంట మార్చుకోమని, పొలం మార్చుకోమని, తిండి కూడా మార్చుకోమని. పైలట్ జరిగిన చోట ఉన్న మనిషి వేరు, ప్రోడక్టు అమ్మబోయే చోట ఉన్న మనిషి వేరు. ఎకరా మాత్రం రెండు చోట్లా ఒకటే. కథ ఎకరాల్లో లెక్కపెట్టింది, అందుకే ఆ తేడా కనిపించలేదు.

ఇంత తేలికైన విషయం ఎవరూ అడగలేదా? అడిగే అవసరం లేకుండా పోయింది. కంపెనీ మూలధనం మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. అప్పటికే రైలు కంపెనీలకు ఇలాంటి హామీలే ఉన్నాయి. పదిలక్షల పౌండ్ల మీద 5 శాతమంటే ఏటా 50 వేల పౌండ్లు. కాలువ పారినా ఎండినా వాటాదారుకు ఆ డబ్బు వస్తుంది. అలాంటప్పుడు కర్నూలు రైతు జొన్న తింటాడా, వరి తింటాడా అన్నది లండన్‌లో వాటా కొనేవాడికెందుకు? ఆయన చూసుకోవాల్సింది ప్రభుత్వ పరపతిని మాత్రమే. ఆ హామీ సొమ్ము వచ్చేది భారత ఖజానా నుంచి, అంటే ప్రధానంగా భూమిశిస్తు నుంచి. నీళ్ళు వద్దన్న రైతు కూడా ఆ నీళ్ళ తాలూకు వడ్డీ కట్టాడు.

అదే కాలంలో ఒరిస్సాలో ఈస్ట్ ఇండియా ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ హామీ లేకుండా మొదలైంది. డబ్బుకి కటకటలాడి, దశాబ్దం తిరక్కముందే ప్రభుత్వం చేతికి వెళ్ళింది. సాగునీటిని ప్రైవేటు కంపెనీలకు వదిలెయ్యొచ్చన్న ప్రయోగం ఈ రెండింటితోనే దాదాపు ముగిసింది. ఆ తర్వాతి పెద్ద కాలువలకు ప్రభుత్వమే అప్పు తెచ్చి తవ్వింది.

*

1876లో, ధాత నామ సంవత్సరంలో, పెద్ద కరువు మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నవి బళ్ళారి, కర్నూలు, కడప. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా సుమారు నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది. ఆ ఏళ్ళలో కాలువ నీటికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. నీళ్ళు అందిన పొలాలు పండాయి కూడా. కాటన్ పక్షం వాళ్ళు చూశారా అన్నారు. వానలు తిరిగి పడ్డాక గిరాకీ మళ్ళీ తగ్గిపోయింది.

ఈ ఘట్టం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కరువు ఏడాది ప్రాణం నిలిపే వస్తువు విలువ, మామూలు ఏడాది అమ్మకాల్లో కనపడదు. దాన్ని ఏటేటా ఎకరానికింత అని అమ్మి లాభం తియ్యాలనుకోవడంలోనే తిరకాసుంది. అలాంటి కాలువ కావాలి, తప్పకుండా కావాలి. కానీ అది బీమా లాంటిది. దాన్ని వాటాదారుకు బంగారు గనిలా చూపించిన రోజునే కథ పక్కదారి పట్టింది.

1878లో బ్రిటిష్ పార్లమెంటు ప్రజాపనుల మీద విచారణ సంఘం వేసింది. కాటన్‌ని కూర్చోబెట్టి గట్టిగానే ప్రశ్నించారు. ఆయన కాలువల పక్షానే నిలబడ్డాడు, 1899లో చనిపోయేదాకా అంతే. 1882లో ప్రభుత్వం కంపెనీ నుంచి కాలువను కొనేసింది. స్టార్టప్ భాషలో వాటాదారులకు అదొక చక్కని ఎగ్జిట్. 5 శాతం చొప్పున ఇరవై ఏళ్ళు పుచ్చుకుంటే అసలంత వడ్డీ ముడుతుంది, ఆపైన అమ్మకం సొమ్ము. కథ తప్పినా డబ్బు పోనిది వాళ్ళకే.

*

ఇక్కడితో ఆపేస్తే ఇది తెల్లదొరల దోపిడీ మీద ఇంకో వ్యాసం అవుతుంది. కానీ కాలువ ఇంకా పారుతోంది. ఇవాళ దాని కింద సుమారు 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు ఉంది, 39.9 టి.ఎం.సి.ల నీటి కేటాయింపు ఉంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో మనం కర్నూలు సోనా అని అడిగి కొనుక్కునే బియ్యంలో ఈ కాలువ నీళ్ళూ ఉన్నాయి. వరి తినని నేల అనుకున్నది వరికే పేరు తెచ్చుకుంది.

అయితే కాటన్ గెలిచినట్టేనా? మధ్యలో ఏమేం కలిశాయో చూడాలి. సుంకేసుల ఆనకట్టకు నీళ్ళు నిలవ చేసే శక్తి లేదు, నది పారినప్పుడే కాలువ పారేది. 1953లో ఎగువన తుంగభద్ర డ్యాం వచ్చింది. తర్వాత పోతిరెడ్డిపాడు, బనకచెర్ల మీదుగా శ్రీశైలం నీళ్ళు తోడయ్యాయి. కొత్త వంగడాలు, ఎరువులు, రోడ్లు, బియ్యానికి మార్కెట్, మద్దతు ధర వచ్చాయి. 1990లలో జపాన్ రుణంతో ఆధునికీకరణ మొదలైంది. వీటిలో ఏ ఒక్కటీ 1850ల నాటి కథలో లేదు. ఆ కథ నిజం కావడానికి వందేళ్ళు పట్టింది, ఆ వందేళ్ళకూ ఖర్చు పెట్టింది ఈ దేశం జనం.

కథ చెప్పొద్దని నేననను. కాటన్ కథ చెప్పకపోతే సుంకేసుల దగ్గర ఆనాడు రాయి పడేది కాదు. ఇంకా లేని దాన్ని ఉన్నట్టు చూపించకుండా ఎవరూ డబ్బు పెట్టరు. నా పేచీ కథలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న దానితో. కాటన్ కథలో నది ఉంది, కరువు ఉంది, మాంచెస్టర్ ఉంది, వాటాదారు ఉన్నాడు. రైతు కూడా ఉన్నాడు, కానీ నీళ్ళకోసం నోరు తెరుచుకుని నిలబడ్డవాడిగా ఉన్నాడు. తనకంటూ ఒక లెక్క ఉన్నవాడిగా, వద్దు అనగలిగినవాడిగా లేడు.

ఇవాళ నాకొచ్చే వ్యవసాయ డెక్‌లలోనూ ఆయన అలాగే కనిపిస్తాడు. దేశంలో కోట్లమంది రైతులు, అందులో ఒక్క శాతం మన యాప్ వాడినా చాలు అని ఒక స్లైడ్. పైలట్ ఏ జిల్లాలో చేశారని అడిగితే బోర్లూ డ్రిప్పూ ఉన్న తోటల్లో చేశామంటారు. అమ్మబోయేది ఆలూరులోనో పత్తికొండలోనో, వాన చూసుకుని విత్తేవాళ్ళకి.

అందుకే డెక్ పంపినవాళ్ళని ఇప్పుడు మూడు అడుగుతున్నాను. మీ పైలట్‌లో ఉన్న మనిషి, మీరు అమ్మబోయే మనిషి ఒకరేనా? మీ వస్తువు లేకుండా ఆయన ఇప్పుడేం చేస్తున్నాడు, దానికి ఆయనకు ఎంతవుతోంది? కథ తప్పితే ఎవరి డబ్బు పోతుంది? మూడోదానికి జవాబు సాధారణంగా మదుపరులది అని వస్తుంది. ఇంకొంచెం తవ్వితే సబ్సిడీలో వచ్చిన ప్రభుత్వ సొమ్ము తేలుతుంది, అప్పు చేసి పరికరం కొన్న రైతు తేలతాడు.

ఈ మధ్య ఒకతను రెండో ప్రశ్నకు జవాబుగా కొత్త స్లైడ్ చేసి పంపాడు. పైన శీర్షిక: "మా వస్తువు ఎందుకు కొననన్నారు". కింద పదకొండు మంది చెప్పిన కారణాలు, వాళ్ళ మాటల్లోనే. మదుపరులకు ఇది చూపించాలా వద్దా అని సందేహంగా ఉందట. మొదటి స్లైడ్‌గా పెట్టమన్నాను.