తగ్గింపు

అమలాపురం బట్టల కొట్లో ‘తగ్గింపు’ అంటే ధర దిగడం. అదే ఊరి ప్రార్థనలో వినయం. మూలం ‘తగ్గు’ అనే అచ్చ తెలుగు క్రియ. తెలుగు బైబిల్లో లూకా 14వ అధ్యాయం దీన్ని ‘హెచ్చించుకొను’కు ఎదురుగా నిలిపింది. అక్కడి సందర్భం విందు. పిలుపందుకున్నవాళ్లు అగ్రపీఠాలు ఏరుకుంటుంటే క్రీస్తు కడపటి చోట కూర్చోమన్నాడు. గర్వంతో వచ్చే ప్రమాదం అదే: పెద్దపీట ఎక్కినవాడి కంటికి పక్కవాడు ఆనడు. మన ‘హెచ్చుతగ్గులు’ పుట్టేదీ అక్కడే.

కులం పేరిట తరతరాలుగా అణగదొక్కబడినవాళ్లను ఇంకా తగ్గమనడం అన్యాయం కాదా? న్యాయమైన ప్రశ్నే. జవాబు క్రియలోనే ఉంది. ఎదుటివాణ్ని ‘తగ్గించడం’ అవమానం. తనను తాను ‘తగ్గించుకోవడం’ వినయం. యోహాను 13లో కాళ్లు కడిగింది గురువు, కడిగించుకున్నది శిష్యులు. కాబట్టి ఈ మాట ముందు తగలాల్సింది వేదిక మీది బోధకులకే. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్‌లతో మొదలై, నరసాపురం కేంద్రంగా పెరిగిన గోదావరి డెల్టా మిషన్‌ది బ్రదరెన్ సంప్రదాయం. అందులో బోధకుడూ ‘సహోదరుడే’. ఎదుటివాణ్ని తగ్గమనే హక్కు ఈ మాట ఎవరికీ ఇవ్వదు. తగ్గడం మనతోనే మొదలుపెడదాం.