రెబెకా వచ్చిన దారి: దివాన్ గారి రోమ్, మన రెండు రోజుల రోమ్

పిల్లల్ని ఒక్కసారైనా సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లని ఇల్లు మన ఉప్పల్, నాచారం, మేడిపల్లి వైపు ఉండదనుకుంటా. వెళ్లినవాళ్లంతా రెండు చోట్ల తప్పకుండా ఆగుతారు. ఒకటి, గంట గంటకీ బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం. రెండోది, మేలిముసుగు రెబెకా. ఆ పాలరాతి అమ్మాయి మన ఊరికి ఎలా వచ్చిందో వెతుక్కుంటూ పోతే ఒక యూరప్ ప్రయాణం కథ దొరికింది. మనలో చాలామందికి ఇప్పుడు అలాంటి ప్రయాణాలు పడుతున్నాయి కదా, చెప్పుకుందామనిపించింది.

మొదటి సాలార్‌జంగ్ అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో పుట్టారు. 1853లో, ఇరవై నాలుగేళ్ల వయసులో హైదరాబాద్ దివాన్ అయ్యారు. మన ఇళ్లల్లో ఆ వయసు పిల్లాడికి కరెంటు బిల్లు కట్టమని చెప్పడానికి కూడా ఆలోచిస్తాం. ఆయన చేతికి మాత్రం ఖాళీ ఖజానా, అప్పుల చిట్టా వచ్చాయి. అదే సంవత్సరం, ఆయనకు ముందు దివాన్‌గా ఉన్న మేనమామో చిన్నాన్నో వరసైన సిరాజుల్ ముల్క్ హయాంలో, పత్తి బాగా పండే బేరార్ జిల్లాలు బ్రిటిష్ వాళ్ల చేతుల్లోకి పోయాయి. సైన్యం ఖర్చుల బాకీ కింద పోయిన నేల అది. బతికినంత కాలం ఆయన మనసులో ఆ బేరార్ ముల్లులా ఉండిపోయింది. 1869లో నిజాం చనిపోయేసరికి వారసుడు మహబూబ్ అలీ ఖాన్‌కి ఇంకా మూడేళ్లు నిండలేదు. పసివాడి తరఫున రాజ్యం నడిపే భారంలో పెద్ద వంతు ఈయనదే అయింది.

అటువంటి మనిషి 1876 ఏప్రిల్‌లో బొంబాయిలో ఓడ ఎక్కారు. ఎక్కాలనుకున్నా అంతకు పదేళ్ల ముందైతే అంత సులువుగా అయ్యేది కాదు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు పడి, అక్కణ్నుంచి బొంబాయి రైలు దారి కలిసింది. వెంట పెద్ద పరివారం. పైకి మర్యాద ప్రయాణం, ఇంగ్లండ్ పెద్దల ఆహ్వానం. లోపలి ఆశ మాత్రం బేరార్. లండన్‌లో స్వయంగా ఆ మాట ఎత్తాలని.

దారిలో రోమ్‌లో ఆగారు. ఆగింది కొద్ది రోజులే, కానీ అప్పటి రోమ్ మామూలు రోమ్ కాదు. 1870లో ఇటలీ సైన్యం ఆ నగరాన్ని పోప్ చేతిలోంచి తీసేసుకుంది. 1871లో అది ఇటలీ రాజధాని అయింది. రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్, అంతవరకూ పోపుల నివాసంగా ఉన్న క్విరినాల్ మహల్లో దిగాడు. తొమ్మిదో పయస్ పోప్ వాటికన్ గడప దాటకుండా, నేనిక్కడ బందీని అంటూ కూర్చున్నాడు. ఒకే ఊళ్లో ఇద్దరు పెద్దలు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మన దివాన్ ఇద్దరినీ కలిశారు. ఉమ్మడి కుటుంబంలో విడిపోయిన అన్నదమ్ములిద్దరి ఇళ్లకూ పండగ పూట వెళ్లి, ఎవరినీ నొప్పించకుండా వచ్చే పెద్ద కోడలు గుర్తొచ్చింది నాకు. ఆయనకు అలవాటైన పనే. హైదరాబాద్‌లోనూ చౌమహల్లా ఒక పక్క, కోఠీ రెసిడెన్సీ ఒక పక్క. ఇరవై మూడేళ్లు ఆ మధ్యలోనే నడిచారు.

ఆ కొద్ది రోజుల రోమ్‌లోనే రెబెకా ఆయన కంట పడింది. జొవాన్ని మరియా బెంజోని అనే ఇటలీ శిల్పి పని. ఒకే పాలరాయి, అందులోనే అమ్మాయి, అందులోనే ఆమె మొహం మీది పల్చటి ముసుగు. తడిసిన మల్లుబట్ట ఒంటికి అంటుకున్నట్టు ఉంటుంది కానీ అంతా రాయే. బెంజోని ఇలాంటి రెబెకాలను ఒకటి కంటే ఎక్కువే చేశాడు, అమెరికా మ్యూజియాల్లోనూ ఉన్నాయి. అది తెలిశాక మన రెబెకా విలువ తగ్గిందని కొందరు అంటారు. నాకలా అనిపించదు. కాంజీవరంలో అదే అంచు చీర ఇంకొకరు కట్టుకుంటే మన చీర పాతబడదు కదా.

రెబెకా ఎవరో చాలామందికి తెలియదు, పేరు చదివి ఫోటో తీసుకుని ముందుకెళ్లిపోతాం. బైబిల్లో పాత నిబంధన కథ. అబ్రహాం తన కొడుకు ఇస్సాకుకి పిల్లను వెతకమని నౌకరును దూరదేశం పంపుతాడు. బావి దగ్గర ఒక అమ్మాయి అతనికి నీళ్లిచ్చి, అడక్కుండానే ఒంటెలకూ తోడిపోస్తుంది. ఈ పిల్లే అనుకుంటాడు. పుట్టింటివాళ్లు ఆమెను పిలిచి, వెళ్తావా అని అడుగుతారు. వెళ్తానంటుంది. ఎప్పుడూ చూడని ఊరికి, ఎప్పుడూ చూడని మనిషి దగ్గరికి. చివరికి పొలంలో ఎదురొస్తున్న ఇస్సాకు కనబడగానే ఒంటె దిగి ముసుగు కప్పుకుంటుంది. శిల్పి చెక్కింది ఆ రెబెకానే. అత్తవారి ఊరి పొలిమేరలో ఉన్న కొత్త పెళ్లికూతురన్నమాట. ఇది తెలిసి చూస్తే ఆ వంగిన తల వేరేగా కనిపిస్తుంది. ఆడవాళ్లు ఘోషాలో ఉండే దివాన్ దేవిడీ నుంచి వెళ్లిన మనిషి, రోమ్‌లో అన్ని శిల్పాల మధ్య ముసుగు వేసుకున్న ఈ అమ్మాయి దగ్గరే ఆగడం నాకు వింతగా తోచదు.

రోమ్ తర్వాత పారిస్. అక్కడ గ్రాండ్ హోటల్ మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. ఎన్నో నెలల ఏర్పాట్లు ఒక్క మెట్టు దగ్గర తారుమారయ్యాయి. ఇంగ్లండ్‌కి ఆలస్యంగా చేరారు, కాలు సరిగా కుదురుకోకుండానే దర్బారులూ విందులూ. మర్యాదలకు లోటు జరగలేదు. జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, లండన్ నగరం పౌర గౌరవం ఇచ్చింది. బేరార్ మాత్రం ఇవ్వలేదు. ఆగస్టులో తిరిగొచ్చారు. 1883లో కలరాతో పోయారు. 1902లో కర్జన్ కాలంలో బేరార్ శాశ్వత కౌలు కిందికి వెళ్లిపోయింది.

దేనికోసం సముద్రాలు దాటారో అది రాలేదు. దారిలో కొద్ది రోజులు ఆగిన ఊరి నుంచి వచ్చిన రాయి మాత్రం నిలిచింది. మూడో సాలార్‌జంగ్ 1949లో పోయాక, 1951 డిసెంబర్ 16న నెహ్రూ చేతుల మీదుగా దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. అప్పణ్నుంచీ రెబెకా మన అందరిదీ.

ఆ 1876లోనే మద్రాసులో ఒక తెలుగావిడ పుస్తకం వచ్చింది. ఆవిడ పేరు పోతం జానకమ్మ రాఘవయ్య. ఇంగ్లండ్ వెళ్లొచ్చి, చూసినవి మొదట తెలుగులో రాసి, తర్వాత తానే ఇంగ్లీషులో పెట్టి 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' అని అచ్చు వేయించింది. సముద్రం దాటితే మగవాళ్లకే ప్రాయశ్చిత్తాలు అడిగే రోజులవి. నేను బీఏ తెలుగు చదివిన మూడేళ్లలో ఈవిడ పేరు ఒక్క పాఠంలో కూడా ఎదురుకాలేదు. దివాన్ శిల్పం తెచ్చారు, జానకమ్మ మాటలు తెచ్చింది. శిల్పానికి గది దొరికింది. ఈవిడ పేరు మన పిల్లలకు తెలియాలంటే ఇలా మనమే చెప్పుకోవాలి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వానంటే, మా పక్క వీధి అక్క జర్మనీలో కొడుకు దగ్గరికి వెళ్తోంది. తిరుగు ప్రయాణంలో రెండు రాత్రులు రోమ్. ఆవిడకు అదే మొదటిసారి, అరవై దాటాయి, మోకాళ్లు నొప్పి. పిల్లలు పంతొమ్మిది చోట్ల పేర్లతో పట్టిక పంపారు. "రెండు దినాలల్ల ఇవన్నీ ఎట్ల జూస్తనే చెల్లె? ఉరుకుడే అయితది" అని నా దగ్గరికి తెచ్చింది. ఇద్దరం కూర్చుని కొట్టివేతలు మొదలుపెట్టాం.

వీసా గురించి ముందు తేల్చుకున్నాం. ఎక్కువ రోజులు ఉండేది జర్మనీలో కాబట్టి షెంజెన్ వీసా జర్మనీకే పెట్టాలి, రోమ్‌కి వేరే అక్కర్లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. దివాన్ గారి మెట్టు గుర్తుంటే ఆ బీమా డబ్బు దండగ అనిపించదు. హోటల్ లిఫ్ట్ ఉన్నదే చూడమని పిల్లలకు చెప్పాం.

పంతొమ్మిదిలో మిగిలినవి నాలుగు. మొదటి రోజు పొద్దున్నే సెయింట్ పీటర్స్ చర్చి. లోపలికి టికెట్ లేదు, తనిఖీ వరస మాత్రం ఉంటుంది. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలంటారు, చీరకు ఆ బాధ లేదు. అక్కడ కుడిచేతి వైపు అద్దం వెనక మైకెలాంజెలో చెక్కిన తల్లి ఉంటుంది, ఒళ్లో చనిపోయిన కొడుకు. అక్కడ ఎంతసేపైనా నిలబడమన్నాను. వాటికన్ మ్యూజియం కొట్టేశాం, ఆ నడక ఆవిడ వల్ల కాదు. రెండో రోజు కొలోసియం బయటి నుంచి, ఆ తర్వాత ట్రెవీ ఫౌంటెన్, అక్కణ్నుంచి దగ్గర్లోనే క్విరినాల్ మహల్. లోపలికి వెళ్లక్కర్లేదు, మన దివాన్ వెళ్లిన గుమ్మం చూస్తే చాలు. మధ్యలో వీధి కుళాయిల నీళ్లు తాగొచ్చు, సీసా ఒకటి సంచిలో ఉంటే సరిపోతుంది.

మిగతా పదిహేనింటి సంగతేమిటని కొడుకు ఫోన్‌లో అడిగాడట. ఈసారికి ఇంతే బిడ్డా అందట అక్క.

ప్రయాణానికి ముందు ఇద్దరం రెబెకాను మళ్లీ చూడాలనుకున్నాం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో మారితే ఎంజీబీఎస్, అక్కణ్నుంచి ఆటో. శుక్రవారం మ్యూజియానికి సెలవు, అందుకని శనివారం పెట్టుకున్నాం.