పైతాన్ విస్తరణ మాడ్యూళ్లు – స్వేచ్ఛా కంపైలర్ల చరిత్ర: తెలుగు పరిశోధనకు దాని ప్రయోజనము

1

పదసూచికలు కూర్చుట, పద్యములందలి అక్షరములను గణించుట, ప్రయోగములను ఏరి వర్గీకరించుట మున్నగు పనులు నేడు చాలవరకు కంప్యూటరుమీద జరుగుచున్నవి. ఇందుకు విద్యార్థులు విరివిగా వాడుచున్న భాష పైతాన్. దీనిని గైడో వాన్ రోసమ్ అను డచ్చి విద్వాంసుడు 1991లో లోకమునకు వెల్లడించెను. తెలుగు లిపికి స్థానము కల్పించిన యూనికోడ్ ప్రమాణముయొక్క ప్రథమ ముద్రణమును ఆ సంవత్సరముననే వెలువడెను. కాని ఈ రెండింటి పుట్టుక ఏకకాలమున జరిగినంత మాత్రమున వాని కలయిక సుకరము కాలేదు.

ఒక ఉదాహరణము చూతము. ‘తెలుగు’ అను పదమున అక్షరములు ఎన్ని అని పైతాన్‌ను అడిగినచో ఆరు అని చెప్పును. హల్లును వేరుగను, దానికి చేరిన అచ్చుగుర్తును వేరుగను అది లెక్కించుటయే ఇందుకు కారణము. ‘స్త్రీ’ అను ఏకాక్షరమునకు సైతము అది ఆరు అనియే చెప్పును. ఇట్టి గణనమును నమ్మి ఛందోవిషయమున నిర్ణయము చేయరాదని వేరుగ చెప్పనక్కరలేదు. అకారాదిక్రమమునందును ఇట్టి చిక్కే కలదు. యూనికోడ్ పట్టికలో ‘ఱ’ కారము ‘ర’ కారము వెంటను, ‘ళ’ కారము ‘ల’ కారము వెంటను ఉన్నవి. మన వర్ణమాలలో ‘ళ’ కారము ‘హ’ కారము తరువాతిది. కావున పైతాన్ సహజముగా కూర్చు పదసూచిక మన సంప్రదాయక్రమమును అనుసరింపదు.

ఈ లోపమును పూరించు సాధనములు లేకపోలేదు. ఐబిఎమ్ సంస్థ 1999లో మూలముతోగూడ బహిర్గతము చేసిన ఐసియు అను లైబ్రరీ, పైతాన్‌కు అనుబంధమైన రెజెక్స్ అను మాడ్యూలు ఇందులో ముఖ్యములు. మొదటిది వర్ణక్రమమును, అక్షరవిభాగమును నిర్వహించును. రెండవది పాఠమును అక్షరసముదాయములుగా విడదీయగలదు. కాని ఇవి పైతాన్‌లో వ్రాసినవి కావు. సి, సి ప్లస్ ప్లస్ భాషలలో వ్రాసి, యంత్రభాషలోనికి మార్చి, పైతాన్‌కు జోడింపవలసినవి. ఇట్టివానినే విస్తరణ మాడ్యూళ్లు అందురు. ఆ మార్పును చేయు కార్యక్రమమునకు కంపైలరు అని పేరు. కావున తెలుగు అక్షరమును సరిగా లెక్కింపగోరువాడు కంపైలరు చరిత్రనుగూడ కొంత ఎరుగవలసియున్నది.

2

యంత్రములను తయారుచేయు యంత్రములకు పరిశ్రమలలో మాతృయంత్రములని వ్యవహారము కలదు. హైదరాబాదునకు ఉత్తరమున కుత్బుల్లాపూరు ప్రాంతమందు, చింతల్ సమీపమున, 1960ల దశకములో హిందూస్థాన్ మెషిన్ టూల్స్ వారి కర్మాగారము వెలసినది ఇట్టి యంత్రముల నిర్మాణమునకే. మాతృయంత్రములను పరదేశములనుండి తెప్పించుకొనునంతకాలము పరిశ్రమకు స్వావలంబనము లేదన్నది ఆనాటి పారిశ్రామిక విధానమునకు మూలసూత్రము. కార్యక్రమముల లోకమున కంపైలరు అట్టి మాతృయంత్రము. మూలపాఠము చేతిలోనున్నను కంపైలరు లేనివానికి అది చదువుకొనుటకు మాత్రమే పనికివచ్చును.

ఈ సత్యమును గుర్తించియే రిచర్డ్ స్టాల్మన్ 1983లో గ్నూ ఉద్యమమును ప్రకటించిన పిదప, కంపైలరు నిర్మాణమునకు ప్రాధాన్యమిచ్చెను. 1987 మార్చిలో జిసిసి అను ఆయన కంపైలరు ప్రథమముగా వెలువడెను. యూనిక్స్ వర్గపు యంత్రములలోను, అనంతరము లినక్సులోను ఇది సర్వసాధారణమయ్యెను. అట్టి యంత్రములపై పైతాన్‌ను గాని, దాని విస్తరణ మాడ్యూళ్లను గాని నిర్మించునది ఒకే కంపైలరు కాబట్టి రెండింటికిని పొత్తు కుదురును. 2000లో డిస్టుటిల్స్ అను నిర్మాణసాధనము పైతాన్‌తోనే లభింపగా ఆ పని మరింత సులువయ్యెను.

విండోస్‌పై స్థితి వేరు. అచ్చట పైతాన్ మైక్రోసాఫ్ట్ వారి కంపైలరుతో నిర్మితమగుచుండెను. జిసిసిని ఆ వేదికకు చేర్చు యత్నములు 1995లో సిగ్విన్‌తో మొదలై 1998లో మింగ్‌డబ్ల్యుతో ఒక కొలిక్కి వచ్చెను. కాని పొత్తు కుదరలేదు. ప్రతి సి కార్యక్రమమును జ్ఞాపకస్థలమును పొందుటకు, దస్త్రములను తెరచుటకు ఒక రన్‌టైమ్ లైబ్రరీపై ఆధారపడును. మింగ్‌డబ్ల్యు విండోస్‌తో వచ్చు పాత రన్‌టైమును వాడుచుండగా, 2004లో వెలువడిన పైతాన్ 2.4 విజువల్ సి 7.1 తాలూకు క్రొత్త రన్‌టైమునకు మారెను. తరువాతి పైతాన్‌లకు మరల మరల రన్‌టైములు మారినవి. ఒక రన్‌టైము ఇచ్చిన జ్ఞాపకస్థలమును వేరొకటి విడుదల చేయబోయినను, ఒకటి తెరచిన దస్త్రమును వేరొకటి చదువబోయినను కార్యక్రమము కూలిపోవును. నిర్మాణము నిర్విఘ్నముగా ముగిసినను లోపము వాడుకలోగాని బయటపడదు. నిపుణులు పైతాన్ లైబ్రరీనుండి సంకేతముల పట్టికను వెలికితీసి, జిసిసికి అనువైన అనుసంధాన దస్త్రమును కల్పించుకొని, రన్‌టైమును పొందుపరచి పని నెరవేర్చుకొనుచుండిరి. ఇది సామాన్యవిద్యార్థికి అందుబాటులోనిది కాదు.

3

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. మైక్రోసాఫ్ట్ వారు 2004లో ఒక కంపైలరును వెల లేకుండ ఇచ్చి, పిమ్మట ఉపసంహరించుకొనిరి. 2014లో పైతాన్ 2.7 కొరకే ప్రత్యేకముగ వేరొకటి ఇచ్చిరి. ఆంగ్లమున ఒకే మాట వెలలేనిదానికిని, స్వతంత్రమైనదానికిని చెల్లుటచే ఈ విషయమున ఎంతో వాదము పుట్టినది. మన భాషలో ఆ సందిగ్ధతకు తావు లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. ఉచితముగ ఇచ్చినవాడు మరల తీసికొనవచ్చును. స్వేచ్ఛగా ఇచ్చినదానిని తీసికొనుట ఎవ్వరికిని సాధ్యము కాదు. హైదరాబాదు కేంద్రముగ పనిచేయు స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమును రూపొందించునపుడు డెబియన్ లినక్సును ఆధారముగ గైకొనుట ఈ దృష్ట్యా సార్థకము. అందు కంపైలరు ఒక్క ఆజ్ఞతో లభించును.

కుత్బుల్లాపూరు, శామీర్‌పేట ప్రాంతములందు గడచిన మూడు దశాబ్దములలో ఇంజనీరింగు విద్య విస్తరించినది. బాచుపల్లిలో విజ్ఞానజ్యోతి కళాశాల 1995లోను, గోకరాజు రంగరాజు కళాశాల 1997లోను, శామీర్‌పేట వైపున బిట్స్ పిలానీ వారి ప్రాంగణము 2008లోను ఏర్పడినవి. పైతాన్ పాఠ్యాంశమైన ఈ తరమున, విండోస్ యంత్రము గల విద్యార్థి ఎచ్చటివాడైనను, ‘వీసీవార్సాల్’ అను దస్త్రము కానరాలేదనియు, విజువల్ సి 14.0 ఆవశ్యకమనియు వచ్చు సందేశములకు పరిచితుడే.

2013లో ఆమోదము పొందిన ‘వీల్’ అను పద్ధతి ఈ బాధను చాలవరకు తగ్గించెను. ఎవరో ముందుగ నిర్మించిన మాడ్యూలు సిద్ధరూపమున దిగుమతి అగును. 2015లో పైతాన్ 3.5 విండోస్‌కు చెందిన ఉమ్మడి రన్‌టైమునకు మారగా, అంతకుముందువలె మరల మరల రన్‌టైము మారు చిక్కు తొలగెను. మింగ్‌డబ్ల్యు పరంపరలోని కంపైలర్లును ఆ రన్‌టైమును స్వీకరించినవి. డిస్టుటిల్స్ స్వయముగ 2023లో పైతాన్ 3.12నుండి తొలగింపబడెను; దాని పనిని సెటప్‌టూల్స్ వహించుచున్నది.

4

సౌకర్యము పెరిగినది, సంశయము లేదు. కాని సిద్ధరూపమునకు అలవాటుపడిన పరిశోధకుడు మూలమును మార్చు శక్తిని కోల్పోవు ప్రమాదము కలదు. తెలుగు విషయమున ఇది ఊహామాత్రము కాదు. యూనికోడ్‌లోని అక్షరవిభాగ నియమము చాలకాలము ‘స్త్రీ’ని ‘స్’, ‘త్’, ‘రీ’ అని మూడుగ ఖండించుచుండెను. 2023లో వెలువడిన 15.1 ముద్రణమున తెలుగు మున్నగు లిపుల సంయుక్తాక్షరములను విడదీయరాదను నియమము చేరినది. అనగా ఒకే పద్యమును ఒకే ఆజ్ఞతో లెక్కించిన ఇద్దరు విద్యార్థులకు, వారి మాడ్యూలు ఏ యేటి నియమముతో నిర్మితమైనదో దానినిబట్టి వేర్వేరు సంఖ్యలు రావచ్చును. ఐసియును పైతాన్‌కు జోడించు మాడ్యూలు చాలకాలము మూలరూపముననే లభించినది. దానిని వాడగోరువాడు తానే నిర్మించుకొనవలసి వచ్చెను.

కావున అక్షరగణనపై ఆధారపడు వ్యాసములలో వాడిన మాడ్యూలు పేరును, దాని ముద్రణసంఖ్యను, యూనికోడ్ ముద్రణమును పేర్కొనుట, తాళపత్రప్రతుల వివరములను పేర్కొనుటవలెనే, ఆవశ్యకము. ‘ళ’ కార ‘ఱ’ కారముల స్థానము, క్షకారమును ప్రత్యేకవర్ణముగ గ్రహింపవలెనా అనునవి మన నిఘంటుకారులు తేల్చవలసిన ప్రశ్నలు. వారు తేల్చినదానిని యంత్రమునకు నేర్పుటకు మూలమును, దానిని మార్చు హక్కును, మార్చినదానిని నిర్మించు కంపైలరును మూడును కావలెను. మొదటి రెండును మనకు లభించియున్నవి. మూడవదానిని విద్యార్థుల చేతికందించి, వాడుట నేర్పుట తెలుగు శాఖలకును, ఇంజనీరింగు కళాశాలలకును ఉమ్మడి కర్తవ్యము.